తాళం వేసిన గది అడిగిన మెమరీ

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆ కోల్డ్ స్టోరేజీలో దానితో ఎవరికీ పని పడలేదు. సరుకు మోసేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె కొలతలక్కే. మేనేజరుకు ఆమె కూతురి వయసుది, అయినా అక్కా అనే పిలిచేవాడు. ఆమె ఎదురుగా నిలబడి కళ్ళద్దాలు సర్దుకుంటే మనిషిని నిలువునా కొలుస్తున్నట్టు ఉంటుందనీ, అలాంటి చూపున్నవాళ్ళు ఎవరికైనా అక్కలే అవుతారనీ ఆయన వాదన.

ఆ చూపు తల్లి నుంచి వచ్చింది. తల్లి దర్జీ. మెడలో టేపు లేకుండా ఆవిడ నిద్ర కూడా పోయేది కాదు. ఆ టేపు చేతికి చిక్కినప్పుడల్లా కూతురు కొలవని వస్తువంటూ ఉండేది కాదు. పిల్లి తోక కొలిచింది. తలుపు కింద సందు కొలిచింది. తమ్ముడు పుట్టి నిలబడడం నేర్చుకున్నాక వాణ్ణి వారం వారం గోడకు ఆనించి గీత గీసేది. ఒక వారం గీత కదలకపోతే, "అమ్మా, వీడు పెరగలేదే" అని తల్లి దగ్గరికి ఫిర్యాదుకు పోయేది. తల్లి మిషను ఆపకుండానే, "పెరక్కపోతే ఏం చెయ్యమంటావే? వాడేమైనా పొట్లకాయా, రాయి కట్టి వేలాడదీయడానికి?" అనేది.

తల్లి కాళ్ళు మిషను మీద, తమ్ముడు అక్క చంకలో. ఆ ఇల్లు అలాగే నడిచింది. వాడికి మాటలు వచ్చాక మొదట పలికింది అమ్మ అని కాదు, అక్కా అని. తల్లి అందుకు కొంచెం నొచ్చుకుంది గానీ, పనికి పని, పిల్లాడికి పిల్లాడు, ఎవరో ఒకరు మోస్తున్నారు కదా అని ఊరుకుంది. వచ్చిన సంబంధాలను కూడా కొలతలక్క తనదైన పద్ధతిలో కొలిచి, ఒక్కటీ సరిపోలేదని పక్కన పెట్టేసింది. "అందరికీ కొలతలు తీసేదాన్ని నేను, అందరినీ తీసిపారేసేది ఇది" అని తల్లి గొణిగేది.

పెద్దయ్యాక ఆమె కొలిచే సరుకు కంటికి కనబడనిది. ఏ ప్రోగ్రాం నడవాలన్నా కంప్యూటర్ దగ్గర కొంత మెమరీ అడిగి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగిచ్చెయ్యాలి. పక్కింట్లో గిన్నె తెచ్చుకుంటే కడిగి ఇచ్చెయ్యమా, అలాగ. కొన్ని ప్రోగ్రాములకు తీసుకోవడమే తెలుసు. అవి ఉబ్బి ఉబ్బి ఒకరోజు చతికిలబడతాయి. ఆ ఉబ్బు ఎక్కడుందో పట్టేది కొలతలక్క. ఆమె వాడే పనిముట్టును ప్రొఫైలర్ అంటారు. దానికి బొమ్మల్లేవు, నొక్కడానికి బొత్తాల్లేవు. నల్లటి తెర మీద దాని పేరు కొట్టి, పక్కన కొలవాల్సిన ప్రోగ్రాం పేరు కొట్టి, ఎంటర్ నొక్కాలి. అక్కణ్ణుంచి ఆ ప్రోగ్రాం దాని చేతికింద నత్తనడక నడుస్తుంది. ప్రతి అడగడాన్నీ, ప్రతి తిరిగివ్వడాన్నీ అది చూస్తూ, ఉండుండి ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి మెమరీ ఎవరి దగ్గర ఎంతుందో చూపే ఫోటో, తీస్తుంది. చివరికి గీతలతో మెట్లు మెట్లుగా ఒక బొమ్మ, దాని కింద ఎవరు ఎంత పట్టుకు కూర్చున్నారో చెట్టుకొమ్మల్లా విడదీసిన లెక్క ఇస్తుంది. చూడ్డానికి చప్పగా ఉంటుంది గానీ, ఆమెకు ఆ తెర ముందు కూర్చుంటే అన్నం సంగతి గుర్తుండేది కాదు.

ఆ కోల్డ్ స్టోరేజీకి ఆమె తలుపుల ప్రోగ్రాం చూసుకోవడానికి వచ్చింది. పైన చిన్న ఆఫీసు గది. కింద పొడవాటి నడవా, అటూ ఇటూ మందపాటి తలుపులున్న చలి గదులు. లోపల చేపలు, బఠాణీలు, మాంసం, పెట్టెల మీద పెట్టెలు. ఒక్కో గది గుమ్మానికి ఒక ఎలక్ట్రానిక్ కన్ను ఉంటుంది. మనిషి దాటితే అది చూస్తుంది. మెడలోని కార్డు ఆ మనిషెవరో చెబుతుంది. వెంటనే ప్రోగ్రాం ఆ మనిషి పేరిట మెమరీలో ఒక గడి తెరుస్తుంది. లోపల అతను కదిలిన కొద్దీ ఆ కదలికలు గడిలో చేరి అది కొంచెం కొంచెం పెరుగుతుంది. బయటికొస్తే గడి మూసి, మెమరీ తిరిగిచ్చేస్తుంది. గడి తెరిచి ఉన్నంతసేపూ గదిలో లైటు వెలుగుతుంది, తలుపు పక్కన చిన్న పలక మీద లోపల ఎంతమంది ఉన్నారో అంకె కనబడుతుంది. ఎవరైనా మరీ ఎక్కువసేపు ఉండిపోతే గంట మోగుతుంది.

అంతా బాగానే ఉంది. కాకపోతే ఆ ప్రోగ్రాం రోజురోజుకీ ఉబ్బేది. అది చతికిలబడకుండా రోజూ పొద్దున ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. దానికి స్నానం చేయించడం అని పేరు పెట్టుకున్నారు. స్నానం ముందు మాత్రం ఒక ఆచారం ఉంది. గదుల్లో ఉన్న ప్రతివాడూ బయటికొచ్చి నడవాలో వరసగా నిలబడాలి. మేస్త్రీ ఒక్కొక్కరి మొహం చూసి, తల మీద చెయ్యి పెట్టి మరీ లెక్కపెట్టాలి. కార్డుల్ని నమ్మడానికి లేదు. చలికి వాటి గొంతు పోతుంది, మనిషి లోపలికి వెళ్ళినా అతనెవరో చెప్పవు.

ఆ తలల లెక్క ఊరికే రాలేదు. ఆమె ఉద్యోగంలో చేరడానికి ముందు, ఏదో ఏజెన్సీ పంపగా ఒక్కరోజు పనికి వచ్చిన ముసలాయన ఒకరు నడవా చివరి గదిలో ఉండగానే ప్రోగ్రాంకు స్నానం చేయించేశారు. అది అన్నీ మరిచిపోయి కొత్తగా మొదలైంది. గదిలో లైటు ఆరిపోయింది, పలక మీద సున్నా వచ్చింది, గంట మోగలేదు. ఆయన కోసం అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరి జాబితాలోనూ లేని మనిషి కదా. తర్వాత ఎప్పుడో సరుకు తీయడానికి తలుపు తెరిచినవాళ్ళు ఏం చూశారో మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఆయన పేరు కూడా ఎవరికీ తెలియలేదు. ఆ గదికి తాళం పడింది, తలల లెక్క మొదలైంది.

తమ్ముడికి అక్కడ పని ఇప్పించింది కొలతలక్కే. వాడు చదువులో అంతంతమాత్రం, కండలో మాత్రం లోటు లేదు. "అంత చలిలో బిడ్డను పడేస్తావా?" అని తల్లి మొత్తుకుంటే, "ఆ తలుపులు చూసేది నేనేనమ్మా. నా కళ్ళముందు ఉంటాడు" అంది. వాడు చేరిన వారానికే అందరినీ ఆకట్టుకున్నాడు. చలెలా ఉందిరా అని అడిగితే, "నిండా మునిగినవాడికి చలేంటి మేస్త్రీగారూ" అని ముక్కు తుడుచుకునేవాడు. తలల లెక్కప్పుడు మాత్రం వాడికి విసుగు. లోపల అలవాటుపడ్డ ఒళ్ళు బయటికొస్తే చెమట పడుతుంది, మళ్ళీ లోపలికి పోతే ఆ చెమటే మంచవుతుంది. "అక్కా, నీ ప్రోగ్రాంకు స్నానమేమో గానీ మాకు జలుబు. ఆ ఉబ్బేదో చూసి తగ్గించు, నీకు పుణ్యముంటుంది" అని ఇంట్లో సతాయించేవాడు.

మేనేజరు కూడా అదే అడిగాడు. తమ్ముడు అడిగాక, పైవాడు అడిగాక ఇంకేం కావాలి? ఆమె ప్రొఫైలర్ కింద ప్రోగ్రాంను పెట్టింది.

వేలకొద్దీ గడులు ఎక్కడో మూతపడకుండా మిగిలిపోతున్నాయని ఆమె అంచనా. తీరా చూస్తే అలా లేదు. అందరి గడులూ బుద్ధిగా తెరుచుకుంటున్నాయి, బుద్ధిగా మూసుకుంటున్నాయి. చెట్టులో ఒకే ఒక కొమ్మ బరువుకు వంగిపోయి ఉంది. ఒకే ఒక గడి. పేరు లేదు, కార్డు లేదు. స్నానం చేయించిన ప్రతిసారీ అందరి గడులతో పాటు అదీ పోతుంది, కాసేపటికి మళ్ళీ తెరుచుకుంటుంది, మళ్ళీ స్నానం దాకా ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. అది నడవా చివరి గదిది. తాళం వేసిన గది.

ఆమెకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. గడి పెరగాలంటే లోపల ఏదో కదలాలి.

మర్నాడు మధ్యాహ్నం అందరూ తినడానికి పోయినప్పుడు ఆమె లాప్‌టాప్ పట్టుకుని నడవా చివరికి వెళ్ళింది. పెట్టె ఒకటి బోర్లించి దానిమీద లాప్‌టాప్ పెట్టి, ప్రొఫైలర్ కింద ప్రోగ్రాంను నడిపింది. చివరి గది పలక మీద ఎప్పటిలాగే ఒకటి అంకె ఉంది. పనివాళ్ళు ఆ అంకె వైపు చూడకుండా తల తిప్పుకుని పోతారు, పలక చెడిపోయిందని ఒకరికొకరు చెప్పుకుంటారు. ఊరికే మోగుతోందని ఆ గది గంట తీగను ఎప్పుడో పీకేశారు. స్నాప్‌షాట్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. గడి కాసేపు పెరిగింది. కాసేపు ఆగింది. మళ్ళీ పెరిగింది. ఎవరో లోపల నాలుగడుగులు వేసి, కూర్చుని, మళ్ళీ లేచినట్టుంది. ఆమె వేలి మెటికతో తలుపు మీద కొట్టింది. తర్వాతి స్నాప్‌షాట్‌లో గడి ఒక్కసారిగా ఉబ్బింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఉబ్బింది. తలుపు అదిరితే కన్ను కూడా అదురుతుంది, అందుకే అనుకుంది. అలా అనుకున్నాక ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని, దేన్నీ తాకకుండా, చిన్న గొంతుతో, "ఎవరు?" అంది.

గడి అంతకుముందు ఎప్పుడూ పెరగనంత పెరిగింది.

ఆమె లాప్‌టాప్ మూసి, పెట్టెను దాని చోట పెట్టి, మెట్లెక్కి పైకి వచ్చేసింది. చేతివేళ్ళు చాలాసేపు వెచ్చబడలేదు. ఈ చివరి సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో ఆమెకు తెలుసు, ఆమె కూడా అదే అనేది. మేనేజరుకు మాత్రం చివరి గదిలో ఏదో కదులుతోందని కన్ను చెబుతోంది, ఒకసారి తెరిచి చూద్దామా అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా అక్కా? ఆ గదికీ పక్క గదికీ గాలిగొట్టం ఒకటే. ఫ్యాను గాలికి మంచు రేకులు రాలుతుంటాయి. కన్ను వాటిని చూసి మనిషనుకుంటోంది. తెరిచి చూసేదేముంది?" అన్నాడు.

కొలవగలిగిన కారణం దొరికితే ఆమె ప్రాణం కుదుటపడుతుంది. ఫ్యాను గాలి, మంచు రేకులు. ఎంత హాయైన మాట! ఆమె ఆ మాటను రెండు చేతులా పట్టుకుంది. ప్రోగ్రాంలో చిన్న మార్పు చేసింది. కార్డు లేకుండా తెరుచుకున్న గడి ఏదైనా కాసేపట్లో ఎవరిదో తేలకపోతే, అది మంచు రేకే అనుకుని మూసెయ్యాలి, మెమరీ తిరిగిచ్చెయ్యాలి. కార్డు మూగబోయిన మనిషి సంగతేమిటన్న ప్రశ్న ఆమెకు రాకపోలేదు. అందుకే అప్పటిదాకా భద్రపరిచిన తలుపుల సంకేతాలన్నిటినీ కొత్త ప్రోగ్రాం చేత మళ్ళీ నడిపించి చూసింది. ఒక్క మనిషి కూడా లోపల మిగిలిపోలేదు. మిగలడు మరి! ఆ రోజులన్నిటిలోనూ తలల లెక్క ఉంది, ప్రతివాణ్ణీ మేస్త్రీ చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. ఏ కాపలా ఉండగా ఎవరూ తప్పిపోలేదో ఆ కాపలాను తీసెయ్యడానికి ఆ రోజులనే సాక్ష్యంగా పెట్టుకుంది. ఇలాంటి తప్పు చదువుకోనివాళ్ళు చెయ్యలేరు. దానికి చాలా నేర్పు కావాలి.

ప్రొఫైలర్ కింద కొత్త ప్రోగ్రాం గీత బల్లలా చదునుగా వచ్చింది. ఆమె దాన్ని అచ్చు తీసి మేనేజరు గోడకు అంటించింది. చివరి గది పలక మీద, ఎన్నాళ్ళకో, సున్నా వచ్చింది. స్నానాలు ఆగిపోయాయి, తలల లెక్కా ఆగిపోయింది. పనివాళ్ళు ఆమెకు చప్పట్లు కొట్టారు. తమ్ముడు అందరిముందూ, "మా అక్క!" అని రొమ్ము చరుచుకున్నాడు. మేస్త్రీ ఒక్కడే, "ఏమోనమ్మా, తల మీద చెయ్యి పెట్టి చూస్తే గానీ నాకు ముద్ద దిగేది కాదు" అన్నాడు. పెద్దవాళ్ళ చాదస్తం అని అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

పలక మీద సున్నా వచ్చాక మేనేజరుకు చివరి గది మీద ఆశ పుట్టింది. ఇంత చోటు వృథాగా పడి ఉండడమెందుకు, మంచు గీకి శుభ్రం చేస్తే సరుకు పెట్టుకోవచ్చు. ఒకరోజు పొద్దున తాళం తీయించి, తమ్ముణ్ణీ ఇంకొక పనివాణ్ణీ పంపాడు. తోడు వెళ్ళినవాడు తలుపు చేరవేసి, వేడినీళ్ళ బకెట్ కోసం బయటికొచ్చాడు. ఈలోగా లారీ వచ్చిందని మేస్త్రీ అతన్ని కేకేసి దింపుడు పనిలో పెట్టాడు. లారీ ఖాళీ అయ్యాక అతను తిరిగొచ్చి చూస్తే తలుపు మూసి ఉంది, పలక మీద సున్నా ఉంది. తమ్ముడు పని ముగించి పోయాడనుకుని, తాళం వేసి తన దారిన తాను పోయాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. పలక అబద్ధం చెప్పదని అక్క చెప్పింది కదా.

షిఫ్టు ముగిసి అందరూ గేటు దాటుతున్నారు. అక్కాతమ్ముళ్ళు రోజూ కలిసే ఇంటికి పోతారు. ఆమె గేటు దగ్గర నిలబడి చూసింది, వాడు రాలేదు. ఫోను చేసింది, అందుబాటులో లేదని వచ్చింది. గేటు కాపలావాణ్ణి అడిగితే చూసినట్టు లేదన్నాడు. స్నేహితులతో ముందే జారుకుని ఉంటాడని తిట్టుకుంది. తల్లికి ఫోను చేస్తే, "ఇంకా రాలేదే. నీ వెంట లేడూ?" అంది.

ఆమె ఫోను పెట్టేసింది. పైకి పరుగెత్తి ప్రోగ్రాం చూసింది. అన్ని గదులూ సున్నా. లోపల ఎవరూ లేరు. ఎంత శుభ్రంగా ఉందో ఆ తెర! ఒక్క క్షణం ఆమె దాన్ని నమ్మింది కూడా. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, వాడి స్నేహితులకు ఒక్కొక్కరికే ఫోన్లు చేసింది. అప్పుడు కిటికీలోంచి మేస్త్రీ కనబడ్డాడు. మనిషి ఇంటికి పోకుండా నడవాలో తచ్చాడుతున్నాడు. ఆమె పైనుంచి, "మేస్త్రీగారూ, మా వాణ్ణి చూశారా?" అని కేక వేసింది.

"చివరి గదికి పంపారు కదమ్మా పొద్దున. బయటికి రావడం నేను చూళ్ళేదు. నేనిప్పుడు చూడ్డం లేదుగా ఎవర్నీ" అన్నాడు ఆయన.

ఆమె చేతులు కీబోర్డు మీదికే పోయాయి. పరుగెత్తి తలుపు తెరిస్తే అయిపోయేది కదా అని మీరనవచ్చు. ఆ మాట ఆమె జీవితమంతా తనకు తాను అనుకుంటూనే ఉంది. కానీ మనిషి భయపడినప్పుడు చేతికి అలవాటైన పనే చేస్తాడు. మేస్త్రీని తాళంచెవి కోసం పంపి, తాను పాత ప్రోగ్రాంను బయటికి తీసింది. మార్పు చెయ్యని పాత ప్రోగ్రాం. దాన్ని ప్రొఫైలర్ కింద పెట్టి, ఆ రోజు తలుపుల సంకేతాలను దానికి అందించింది. అది తన నత్తనడక మొదలుపెట్టింది. పొద్దుటి సంకేతాలు గడిచాయి. ఆమె పళ్ళు బిగించి స్నాప్‌షాట్ తర్వాత స్నాప్‌షాట్ చూస్తోంది. చివరి గది కొమ్మ కనబడింది. దానికింద ఎప్పటి గడి ఉంది. పక్కన ఇంకొకటి తెరుచుకుంది. దానికీ పేరు లేదు. వాడి కార్డు చలికి మూగబోయింది.

రెండు గడులు. రెండూ పెరుగుతున్నాయి. మొదట కొత్తది జోరుగా పెరిగింది, అటూ ఇటూ పరుగులు పెట్టినట్టు, తలుపు బాదినట్టు. తర్వాత నెమ్మదించింది. పాతది మాత్రం అప్పుడే జోరందుకుంది. ఇన్నాళ్ళూ లేచి కూర్చుంటూ కాలం గడిపింది, ఇప్పుడు ఆగకుండా కదులుతోంది. కొత్తది ఆగిపోబోయిన ప్రతిసారీ పాతది గబగబా పెరుగుతోంది, ఆ వెంటనే కొత్తది మళ్ళీ కొంచెం కదులుతోంది. ఎవరో కునుకు పట్టినవాణ్ణి తట్టి తట్టి లేపుతున్నట్టుంది. మంచు రేకులు మనుషుల్ని లేపవు. చివరి స్నాప్‌షాట్‌లో కొత్త గడి కదల్లేదు. పాతది ఎంత పెరిగినా కదల్లేదు.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. "నేనే చంపేశానమ్మా, నేనే" అని తల్లితో మాట్లాడుతున్నట్టు అరుస్తూ నడవా అంతా పరుగెత్తింది. మేస్త్రీ అప్పటికే తాళంచెవితో తలుపు దగ్గర ఉన్నాడు. తాళం వచ్చింది గానీ తలుపు రాలేదు. పొద్దున వదులైన ఎన్నో ఏళ్ళ మంచు మళ్ళీ అంచులకు పట్టి బిగుసుకుపోయింది. లోపలి పిడి కూడా అలాగే బిగుసుకుని ఉంటుంది. పొద్దున ఇద్దరు కుర్రాళ్ళు బలంగా లాగితే వచ్చిన తలుపది. ముసలి మేస్త్రీ గునపం సందులో పెట్టి ఒంటిబరువంతా వేశాడు. ఆమె గోళ్ళతో మంచు పీకింది. పలక మీద సున్నా నిదానంగా వెలుగుతోంది. ఆమె ఆ సున్నాను గునపంతో బద్దలుకొట్టాలనుకుంది, కానీ గునపం ఒక్కటే ఉంది.

తలుపు పెద్ద మూలుగుతో కదిలింది. లోపల చీకటి. ఆమె గుమ్మం దాటగానే ప్రోగ్రాం ఆమె పేరిట గడి తెరిచింది, లైటు వెలిగింది.

వాడు తలుపుకు కొంచెం ఎడంగా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి, కనుబొమల మీద మంచు ఉంది. ఒంటిమీద కోటు లేదు. కంపెనీ కోటుకు చలి ఆగదని తల్లి మందంగా అస్తరు వేసి కుట్టిచ్చిన కోటు. అది వాడి పక్కన ఖాళీ నేల మీద పరిచి ఉంది. విసిరేసినట్టు లేదు. కాలరు సర్ది, చేతులు రెండూ లోపలికి మడిచి, పడుకున్న మనిషికి కప్పినట్టు ఉంది. చలి ముదిరినవాళ్ళు మతి తప్పి బట్టలు విప్పేస్తారని మేస్త్రీ తర్వాత అందరికీ చెప్పాడు. అది నిజమే, అలా విప్పేస్తారు. కోటు అంచుల చుట్టూ మాత్రం, ఒక మనిషి పడుకున్నంత మేర, నేల మీద మంచు లేదు.

ఆమె వాడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఒరేయ్, ఒరేయ్ నాన్నా, అక్కనురా. కళ్ళు తెరువు" అని చెంపలు రుద్దింది. వాడి కనురెప్పలు అదిరాయి. ఊపిరి ఉంది. ఆమె గట్టిగా ఏడ్చేసింది. ఊపిరి ఉందని ఏడవడం ఆమెకు అదే మొదలు. మేస్త్రీ తన ఉన్ని శాలువా తీసి వాడి భుజాల చుట్టూ బిగించి, చంకల కింద చేతులు వేసి లేపబోయాడు.

వాడు లేవలేదు. తల అడ్డంగా ఊపాడు. నాలుక మందమైన గొంతుతో, "నన్ను కాదక్కా" అన్నాడు.

"ఏంట్రా? ఏమంటున్నావు?"

"ముందు ఆయన్ని తీసుకెళ్ళు. పాపం, నన్ను నిద్రపోనివ్వలేదు. నాకంటే చాలా ముందొచ్చాడు. ఒకసారి ఎవరో తలుపు కొట్టి ఎవరని అడిగారంట. చెప్పేలోపు వెళ్ళిపోయారంట."

మేస్త్రీ ఒక చెయ్యి తీసి వాడి తల మీద పెట్టాడు. ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆ మధ్యాహ్నం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి చెప్పలేదు, తల్లికి చెప్పలేదు.

"వీణ్ణి మీరు తీసుకెళ్ళండి మేస్త్రీగారూ. డాక్టరుకు ఫోను చెయ్యండి" అంది. మేస్త్రీ వాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచాడు. వాడు ఆయన భుజం మీంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

కొలతలక్క ఆ కోటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. దాన్ని ఎత్తలేదు, ముట్టుకోలేదు. కళ్ళద్దాల మీద మంచు కమ్మితే తీసేసింది. ఆ ఖాళీ నేల వైపు రెండు చేతులూ చాపి, ఇంటి పెద్దవాళ్ళతో మాట్లాడే గొంతుతో, "రండి, బయటికి వెళ్దాం" అంది.